బడి మరమ్మతులకు, డిజిటల్ తరగతులకు డబ్బు ఎక్కడ అడగాలి? పల్లె బడుల కోసం ఒక పోలిక

తరగతి గది స్లాబు పెచ్చులూడుతోంది. బాలికల మరుగుదొడ్డికి నీళ్లు రావడం లేదు. ఎప్పుడో వచ్చిన టీవీ వెలగక మూలన ఉంది. ఇలాంటి బడి మన రెండు రాష్ట్రాల్లో చాలా మండలాల్లో కనిపిస్తుంది. ప్రధానోపాధ్యాయులు, యాజమాన్య కమిటీ సభ్యులు చేతనైనంత తిరుగుతూనే ఉంటారు. కానీ మూడు అవసరాలనూ ఒకే అర్జీలో రాసి, దాన్నే ఎమ్మెల్యేకు, కలెక్టరుకు, హైదరాబాదులో స్థిరపడిన పూర్వ విద్యార్థికి ఇస్తారు. స్లాబు సంగతి ఇంజనీరింగ్ విభాగం చూడాలి. నీళ్ల సంగతి పంచాయతీ చూడగలదు. టీవీ బాగు చేయించడానికి చాలాసార్లు బడి ఖాతాలోని డబ్బే సరిపోతుంది. అన్నీ కలిపి రాసిన కాగితం ఎవరి బల్ల మీదకు వెళ్లినా అది తమ పని కాదనిపిస్తుంది.

అందుకే ఏ డబ్బు ఏ పనికి పనికొస్తుందో, ఎంత కాలానికి చేతికొస్తుందో, వచ్చాక ఎవరి చేతిలో ఉంటుందో ఇక్కడ విడివిడిగా చూద్దాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలోని ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు అవసరాన్ని విడదీయండి

బడి అవసరాలు నాలుగు రకాలు. మొదటిది ప్రాణభయం ఉన్నవి: కడ్డీలు బయటపడిన స్లాబు, ఒరిగిన గోడ, వేలాడే కరెంటు తీగ. రెండోది ఏటా వచ్చే చిన్న మరమ్మతులు: కుళాయి, తలుపు, ఫ్యాను, సెప్టిక్ ట్యాంకు. మూడోది కొత్తగా కట్టవలసినవి: అదనపు గది, ప్రహరీ, మరుగుదొడ్ల సముదాయం. నాలుగోది పరికరాలు: కంప్యూటర్లు, తెర, ఇంటర్నెట్.

వీటిలో మొదటి రకానికి నిధుల వేట మొదలుపెట్టే ముందే ఒక పని చేయాలి. ఇంజనీరింగ్ విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) చేత గదిని పరిశీలింపజేసి, అది వాడదగినదో కాదో రాతపూర్వకంగా తీసుకోండి. వాడరాదని తేలితే ఆ రోజే తాళం వేసి, పంచాయతీ భవనమో, అంగన్‌వాడీ వరండానో అడిగి పిల్లలను అక్కడికి మార్చండి. పాత భవనం కూల్చాలన్నా, కొత్త గది మంజూరు కావాలన్నా ఆ ధ్రువపత్రమే ఆధారం. పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తి సున్నం కొట్టించడం మాత్రం వద్దు. లోపల తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతూనే ఉంటుంది, పైన మెత్తినది మళ్లీ ఊడి పడుతుంది. పైగా పైకి బాగున్నట్టు కనిపించే గదిలో పిల్లలను ధైర్యంగా కూర్చోబెడతాం.

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ప్రతి బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే బాధ్యతను ఆ చట్టమే కమిటీకి అప్పగించింది. నాలుగు రకాల అవసరాలూ విడివిడిగా ఉన్న ప్రణాళిక, దాని మీద కమిటీ తీర్మానం చేతిలో ఉంటే, కింద చెప్పబోయే ఏ తలుపు తట్టినా మాట వింటారు.

ఏ కొలతలతో పోల్చాలి

ఆ డబ్బుతో ఏ పనికి అనుమతి ఉంది? ఎన్నాళ్లకు వస్తుంది? ఖర్చు పెట్టే అధికారం కమిటీదా, ఇంజనీరుదా, దాతదా? లెక్క ఎవరికి అప్పజెప్పాలి? ఈ నాలుగు ప్రశ్నలూ అందరూ వేసుకుంటారు. అయిదోది వేసుకునేవారు తక్కువ: మూడో ఏడాది దీని ఖర్చు ఎవరు భరిస్తారు?

నా దృష్టిలో అన్నింటికన్నా బరువైన ప్రశ్న అదే. కేంద్రం, రాష్ట్రం కలిసి బడుల కోసం నడిపే సమగ్ర శిక్ష పథకంలో ఒక బడికి కంప్యూటర్ ల్యాబు ఏర్పాటుకు కేంద్రం పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 6.40 లక్షల రూపాయలు. దాన్ని నడపడానికి ఏడాదికి 2.40 లక్షల వరకు, అయిదేళ్ల పాటు. అంటే కొనడానికి 6.40 లక్షలైతే, నడపడానికి 12 లక్షలు. ప్రభుత్వమే కొన్న ధరకు దాదాపు రెట్టింపు నడిపే ఖర్చు కింద లెక్క వేసుకుంది. అదే ల్యాబును ఒక దాత ఇస్తే ఆ 12 లక్షల ఊసు ఎవరూ ఎత్తరు. ప్రారంభోత్సవం బాగా జరుగుతుంది, యూపీఎస్ బ్యాటరీలు పాడయ్యాక గదికి తాళం పడుతుంది. పిల్లలు కిటికీలోంచి కంప్యూటర్లను చూసి వెళ్లే పరిస్థితి వస్తుంది.

ఒక చూపులో

| నిధి | బాగా సరిపోయేది | చేతికొచ్చే వేగం | ఖర్చు ఎవరి చేతిలో | నడిపే ఖర్చుకు వాడొచ్చా |
|---|---|---|---|---|
| సమగ్ర శిక్ష పాఠశాల గ్రాంటు | చిన్న మరమ్మతులు | ఏటా, విడతలుగా | బడి, కమిటీ | అవును |
| రాష్ట్ర పథకాలు | పెద్ద మరమ్మతులు, గదులు | ప్రభుత్వ ప్రాధాన్యాన్ని బట్టి | కమిటీ, ఇంజనీరు కలిసి | తక్కువ |
| పంచాయతీ నిధులు | నీళ్లు, పారిశుద్ధ్యం | ప్రణాళికలో చేరితే ఏడాదిలో | పంచాయతీ | కొంత |
| ఎంపీ నిధులు | కొత్త గది, ప్రహరీ, కంప్యూటర్లు | సిఫార్సు తర్వాత నెలలు | జిల్లా యంత్రాంగం | కాదు |
| జిల్లా ఖనిజ నిధి | గని ప్రాంతాల్లో గదులు, తాగునీరు | నెలలు | కలెక్టరు నేతృత్వంలోని ట్రస్టు | అరుదు |
| కంపెనీల సామాజిక బాధ్యత నిధులు | డిజిటల్ తరగతులు, మరుగుదొడ్లు | ఆర్థిక సంవత్సరాన్ని బట్టి | కంపెనీ లేదా దాని సంస్థ | ముందే రాయించుకుంటే |
| పూర్వ విద్యార్థులు, దాతలు | ఏదైనా | వారాల్లో | దాత, కమిటీ | అవును, అడగగలిగితే |

బడి ఖాతాలోకి వచ్చే గ్రాంటు

2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్య పథకాలను కలిపి సమగ్ర శిక్ష మొదలుపెట్టారు. మన రెండు రాష్ట్రాల్లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం. పిల్లల సంఖ్యను బట్టి ఏటా పాఠశాల గ్రాంటు ఇవ్వాలి: 30 మంది లోపు ఉంటే 10 వేలు, 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆ పైన లక్ష రూపాయలు. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు కేటాయించాలి.

పాతిక వేలంటే చాలా తక్కువ. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు అన్నీ అందులోనే తీరాలి. ఆ డబ్బు కూడా విడతలుగా వస్తుంది. పైగా ఇప్పుడు బడి ఖాతాలో డబ్బు నిలవ ఉండదు, వాడుకునే పరిమితి మాత్రమే కనిపిస్తుంది. మార్చి నెలాఖరుకు వాడని పరిమితి వెనక్కి పోతుంది. అందుకని డిసెంబరు నాటికే ఏ కుళాయి, ఏ తలుపు, ఏ స్విచ్చు బోర్డు అని జాబితా సిద్ధంగా ఉంచుకోండి. ఈ నిధి గొప్పదనం ఒక్కటే, దీన్ని ఎవరినీ బతిమాలి తెచ్చుకోనక్కరలేదు. ఫ్యాను బాగు చేయించడానికి దాతను వెతకడం కన్నా దీన్ని సకాలంలో వాడటం నయం.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి తోడు మరొకటి ఉంది. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనంలో ఒక్కో విద్యార్థి పేరిట ఇచ్చే 15 వేలలో 2 వేలు బడుల, మరుగుదొడ్ల నిర్వహణకు పక్కన పెట్టారు. ఆ డబ్బులో మీ బడికి ఏం చేరుతోందో ప్రధానోపాధ్యాయుడిని అడిగి తెలుసుకోవడం కమిటీ హక్కు. తెలంగాణలో 2024 సెప్టెంబరులో ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ప్రకటించారు. కరెంటు బిల్లు భారం తగ్గిన బడి ఆ మేరకు గ్రాంటును మరమ్మతుకు మళ్లించుకోవచ్చు.

రాష్ట్రాల పెద్ద పథకాలు

స్లాబు మార్చాలన్నా, గదులు కట్టాలన్నా అసలైన డబ్బు ఇక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి నాడు–నేడు’ మొదటి విడతలో 15,700కు పైగా బడులను చేపట్టింది. మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, విద్యుత్తు, బల్లలు, ప్రహరీ వంటివన్నీ ఒకే మూటగా చేశారు. ఖర్చు తల్లిదండ్రుల కమిటీ ఖాతా నుంచే జరిగింది. ఫ్యాన్లు, బల్లలు, బోర్డుల వంటివి రాష్ట్ర స్థాయిలో కొని పంపారు. 2024లో ప్రభుత్వం మారాక ఈ కార్యక్రమానికి ‘మన బడి – మన భవిష్యత్తు’ అని పేరు మార్చారు. తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభించిన ‘మన ఊరు – మన బడి’ 26 వేలకు పైగా బడులకు 7,289 కోట్లతో వేసిన ప్రణాళిక. మొదటి విడతకు 9,123 బడులను ఎంచుకున్నారు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు వీటికి చైర్‌పర్సన్, ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు ఈ కమిటీల ద్వారా చేయించారు.

ఇంత పెద్ద మొత్తం మరెక్కడా రాదు. ఇంజనీరు ఎస్టిమేటు, కొలతల పుస్తకం, తనిఖీ అన్నీ ఉంటాయి కాబట్టి పని నాణ్యతను నిలదీసే వీలూ ఉంటుంది. కానీ పథకం జీవితం ప్రభుత్వ ప్రాధాన్యంతో ముడిపడి ఉంది. నాడు–నేడు రెండో విడతలో పునాదుల దగ్గరో, స్లాబు దగ్గరో ఆగిపోయిన గదులు చాలా ఊళ్లలో ఉన్నాయి. తెలంగాణలో బిల్లులు రాక ఇబ్బంది పడిన కమిటీ చైర్మన్లు, చిన్న కాంట్రాక్టర్లు ఎందరో. కమిటీలో ఉన్న సామాన్య రైతు సొంత పూచీ మీద సిమెంటు అప్పు తెచ్చి పని నడిపించడం నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచదు. విడత డబ్బు ఖాతాలో పడ్డాకే ఆ విడత పని మొదలుపెట్టండి. ఎవరు తొందరపెట్టినా ఈ నియమం తప్పవద్దు.

మీ బడిలో సగంలో ఆగిన గది ఉంటే కొత్త గది అడగవద్దు. మిగిలిన పనికే తాజా ధరలతో ఎస్టిమేటు వేయించి, ఎంఈవో (మండల విద్యాధికారి) ద్వారా జిల్లా కార్యాలయానికి పంపండి. సగం కట్టిన దాన్ని పూర్తి చేయమని అడగడం కొత్తది కట్టమనడం కన్నా తేలిక, ఎంపీకైనా, దాతకైనా.

ఎంచుకున్న బడులను ఆదర్శ బడులుగా తీర్చిదిద్దడానికి కేంద్రం 2022 సెప్టెంబరులో ఆమోదించిన పీఎం శ్రీ పథకం గురించి చాలామంది అడుగుతారు. 14,500కు పైగా బడులకు అయిదేళ్లలో 27,360 కోట్లు. లెక్క కడితే సగటున ఒక్కో బడికి 1.8 కోట్లు దాటుతుంది. అయితే పోటీ పద్ధతిలో మండలానికి గరిష్ఠంగా రెండు బడులనే ఎంచుకుంటారు. మిగతా బడులకు ఇది ఆశ పెట్టుకోదగిన దారి కాదు.

పంచాయతీ: దగ్గర్లోనే ఉన్నా అడగని తలుపు

రాజ్యాంగం పదకొండో షెడ్యూలు పంచాయతీలకు అప్పగించదగినవిగా చెప్పిన 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్య ఒకటి. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. ఎండిన కుళాయి, నీళ్లు లేని మరుగుదొడ్డి కచ్చితంగా ఆ రెండింటి కిందకే వస్తాయి. అయినా ‘బడి సంగతి విద్యాశాఖది’ అని ఊరు, ‘పంచాయతీ మనకెందుకు ఇస్తుంది’ అని బడి ఊరుకుంటాయి.

చేయవలసింది పెద్దదేమీ కాదు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ ఏటా అక్టోబరు 2 నుంచి ఊపందుకుంటుంది. ఆ గ్రామసభకు తల్లులు నలుగురైదుగురు వెళ్లి, బడి నీళ్ల పనిని ప్రణాళికలో రాయించాలి. రాయించినది చదివి వినిపించమనాలి. ప్రణాళికలో లేని పనికి తర్వాత డబ్బు అడిగితే సర్పంచ్‌కు మనసున్నా చేయలేరు. 2026–27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి నిష్పత్తులు మారితే పంచాయతీ కార్యదర్శే చెబుతారు.

ప్రహరీ, వంటషెడ్డు, ఆటస్థలం చదును వంటివి ఉపాధి హామీతో జోడించడం ఇన్నాళ్లుగా ఉన్న పద్ధతి. 2005 నాటి ఆ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. అందువల్ల ఏ పనులకు వీలుందో ఎంపీడీవో కార్యాలయంలో కనుక్కున్నాకే తీర్మానం రాయండి.

ఎంపీ నిధులు, ఖనిజ నిధి

ఒక్కో ఎంపీ ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫార్సు చేయవచ్చు. ఎంపీ సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగానిది. ఎస్సీ ఆవాసాల్లో కనీసం 15 శాతం, ఎస్టీ ఆవాసాల్లో 7.5 శాతం ఖర్చు కావాలి. మీ బడి దళితవాడలోనో, గిరిజన తండాలోనో ఉంటే అర్జీ మొదటి వాక్యంలోనే ఆ మాట రాయండి. రాజ్యసభ సభ్యులు తాము ఎన్నికైన రాష్ట్రంలో ఎక్కడైనా సిఫార్సు చేయవచ్చు. లోక్‌సభ సభ్యుడి చుట్టూ వందల అర్జీలు ఉంటాయి, రాజ్యసభ సభ్యుల గురించి పల్లెల్లో తక్కువమందికే తెలుసు. మన్నికైన ప్రజా ఆస్తి కల్పనే ఈ నిధి ఉద్దేశం కాబట్టి సున్నం కొట్టించడం, తలుపులు, కుళాయిలు అడిగి మీ సమయం, వారి సమయం వృథా చేయవద్దు.

గనులున్న జిల్లాలవారికి ఇంకో దారి ఉంది. 2015లో గనుల చట్టం సవరించినప్పుడు జిల్లా ఖనిజ నిధి ట్రస్టులు వచ్చాయి. తవ్వకందారులు చెల్లించే మొత్తంలో అధిక భాగం తాగునీరు, ఆరోగ్యం, విద్య వంటి వాటికి పెట్టాలి. సింగరేణి గనులున్న జిల్లాల్లో, రాయలసీమలోని సున్నపురాయి ప్రాంతాల్లో దుమ్మును, పేలుళ్లను భరిస్తున్న ఊళ్ల పిల్లలదే ఈ డబ్బు. గని మీ ఊరికి ఎంత దూరంలో ఉందో రాసి, కలెక్టరుకు అర్జీ పెట్టండి.

కంపెనీల డబ్బు

కంపెనీల చట్టం (2013) 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్న కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు చేయాలి. తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతుంది. ఫ్యాక్టరీ, విద్యుత్తు కేంద్రం, ఓడరేవు దగ్గరున్న బడులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఒక్క బడి వెళ్లి అడిగితే కంపెనీలు పెద్దగా స్పందించవు. వారికి తనిఖీలు, నివేదికలు, ఆడిట్ ఉంటాయి. ఒక బడికి ఎంత శ్రమో పది బడులకూ అంతే. మండలంలో పది బడులు కలిసి ఎంఈవో ద్వారా ఒకే ప్రతిపాదన పెడితే మాట చెల్లుతుంది. ఏప్రిల్ ముందే బడ్జెట్ ఆలోచనలు మొదలవుతాయి కాబట్టి జనవరిలో కలవండి. కంపెనీ నేరుగా చేయకుండా స్వచ్ఛంద సంస్థ ద్వారా చేస్తే, ఆ సంస్థకు 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయిన సీఎస్‌ఆర్–1 (సామాజిక బాధ్యత పనులు చేపట్టే సంస్థల) నమోదు ఉందో లేదో చూడండి.

ఇంకో ముఖ్యమైన వెసులుబాటు ఉంది. నిబంధనల్లో ‘కొనసాగే ప్రాజెక్టు’ అన్న విభాగం కింద, మొదలుపెట్టిన సంవత్సరం కాక మరో మూడేళ్ల వరకు ఒక పనిని కొనసాగించవచ్చు. అంటే తెరతో పాటు మూడేళ్ల నిర్వహణ కూడా ఒప్పందంలో రాయించుకునే అవకాశం చట్టంలోనే ఉంది. కంపెనీ ప్రతినిధి ముందు మొహమాటపడకుండా ఈ మాట అడగండి. ఒప్పుకోకపోతే పరికరాల సంఖ్య తగ్గించి, నిర్వహణ పెంచమనండి. పది కంప్యూటర్లు, మూడేళ్ల నిర్వహణ కలిపి వచ్చేది, నిర్వహణ లేని ఇరవై కంప్యూటర్ల కన్నా పిల్లలకు ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది.

పూర్వ విద్యార్థులు

పదో తరగతి బ్యాచ్ పాతికేళ్ల తర్వాత కలుసుకుంటుంది. మనసు నిండి ఉంటుంది, ఏదైనా చేయాలనుకుంటారు. చాలా చోట్ల ఆ డబ్బు ప్రవేశ ద్వారమో, సరస్వతీ విగ్రహమో, సభా వేదికో అవుతుంది. ఆ భక్తిని, ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. కానీ కారుతున్న గది ఉన్న బడికి కొత్త ద్వారం కట్టించేవారికి లోపలి సంగతి ఎవరూ చెప్పలేదన్నమాట. చెప్పవలసింది ప్రధానోపాధ్యాయుడు, కమిటీ.

దాతకు మూడు ధరల్లో మూడు పనులు రాసి చూపించండి: ఒకటి ఒక గది పైకప్పుకు నీరు కారకుండా చేయించే పని, ఒకటి మరుగుదొడ్లకు పైపులైను, ట్యాంకు, ఒకటి నిర్వహణ నిధి. మూడోదాన్ని ఒప్పించడమే కష్టం, అదే అన్నింటికన్నా విలువైనది. ఒక బ్యాచ్ అయిదు లక్షలు పోగు చేసి, పూర్వ విద్యార్థుల సంఘాన్ని రిజిస్టరు చేసి, దాని పేరిట బ్యాంకులో డిపాజిట్ చేసిందనుకోండి. ఆరున్నర శాతం వడ్డీ వస్తే ఏడాదికి 32,500 రూపాయలు. వంద మంది లోపు పిల్లలున్న బడికి ప్రభుత్వం ఏటా ఇచ్చే గ్రాంటు కన్నా అది ఎక్కువ, అసలు సొమ్ము చెక్కు చెదరదు. ఎవరి పేరైనా రాయించాలంటే ఆ నిధికే ఆ బ్యాచ్ పేరు పెట్టండి.

నగదు తీసుకోవద్దు. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు కూడా వర్తించదు. వస్తువులే ఇవ్వదలచినవారికి 2021 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన విద్యాంజలి పోర్టల్ ఉంది. బడి తన అవసరాలను అందులో పెడుతుంది, దాత వస్తువుగానో, సేవగానో ఇస్తాడు.

తెర ఏది కొనాలి

డబ్బు దొరికాక పరికరం ఎంపిక. ముందు బడిలో ఏముందో చూడండి. నాడు–నేడు మొదటి విడత పూర్తయిన ఆంధ్రప్రదేశ్ ఉన్నత పాఠశాలలకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (తాకి రాయగల పెద్ద తెరలు), ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. తెలంగాణలో కూడా చాలా ఉన్నత పాఠశాలలకు ప్యానెళ్లు చేరాయి. ఉన్నది బాగు చేయించడం కొత్తది కొనడం కన్నా చౌక.

అయిదో తరగతి వరకు ఉన్న బడికి పెద్ద టీవీ, పెన్‌డ్రైవ్‌లో దించుకున్న పాఠాలు చాలు. కేంద్రం నడిపే ఆన్‌లైన్ దీక్షా వేదికలోని పాఠాలు, తెలంగాణలో ప్రభుత్వ విద్యా చానెల్ టీ–శాట్ ప్రసారాలు ఉచితమే. ప్రొజెక్టరు ధర తక్కువగా కనిపిస్తుంది, కానీ పల్లె బడి దుమ్ములో లెన్సు మసకబారుతుంది, పగటి వెలుతురులో బొమ్మ కనపడదు, దీపం మార్చడానికి పట్నం వెళ్లాలి. ప్యానెల్ ఖరీదైనది. దాని మీద రాస్తూ చెప్పే అలవాటున్న ఉపాధ్యాయులు ఉంటేనే అది బోర్డు అవుతుంది, లేకపోతే టీవీగానే మిగులుతుంది. ఆరు నుంచి పది తరగతులకు కంప్యూటర్ ల్యాబు నిజంగా అవసరం, ఎందుకంటే అక్కడ పిల్లవాడి వేళ్లు పనిచేస్తాయి. అయితే నేర్పే మనిషి లేని ల్యాబు అడగవద్దు.

ఏది కొన్నా ముందు మూడు చూడండి: గదిలో చెమ్మ లేదు, ఎర్తింగ్ సరిగా ఉంది, కిటికీలకు ఊచలున్నాయి. కారే స్లాబు కింద ప్యానెల్ బిగించిన బడి రెండింటినీ పోగొట్టుకుంటుంది. అందుకే టెక్నాలజీకి వచ్చిన డబ్బులో కొంత ఆ ఒక్క గది పైకప్పుకు, వైరింగ్‌కు మళ్లించడానికి దాతను ముందే ఒప్పించండి.

మీ పరిస్థితిని బట్టి

*ముప్పై మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉన్న ప్రాథమిక పాఠశాల.* కొత్త గది కోసం తిరగవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117 జీవోతో కొన్ని చోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతులు ఉన్నత పాఠశాలలకు వెళ్లాయి. 2025లో ఆ జీవో రద్దయి బడుల వర్గీకరణ మళ్లీ మారింది. ఇలాంటి మార్పుల మధ్య కట్టిన గది ఖాళీగా మిగలవచ్చు. పంచాయతీ ద్వారా నీళ్లు, గ్రాంటుతో చిన్న మరమ్మతులు, ఊరివారి ద్వారా ఒక టీవీ సాధించండి. ఈ మూడూ ఒక్క విద్యా సంవత్సరంలో అయ్యేవే. బాగున్న బడిలో పిల్లల సంఖ్య పెరిగితే గది అడిగే బలం అప్పుడు వస్తుంది.

*మూడు వందల మంది ఉన్న ఉన్నత పాఠశాల.* గదులు, ల్యాబు రెండూ కావాలి. గదులు రాష్ట్ర పథకం లేదా ఎంపీ నిధుల నుంచి, ల్యాబు సమగ్ర శిక్ష నుంచి అడగండి. ల్యాబు మీద మండలమంతా కలిసి కంపెనీని కూడా కదపవచ్చు. దేశంలోని బడుల వివరాలన్నీ నమోదయ్యే యూడైస్ ప్లస్‌లో మీ బడి వివరాలు తప్పుగా ఉంటే ఇవేవీ రావు. వాడరాని గదిని వాడుకలో ఉన్నట్టు, పనిచేయని కంప్యూటర్‌ను పనిచేస్తున్నట్టు నమోదు చేస్తే, పై అధికారుల కంప్యూటర్‌లో మీ బడికి లోటే కనిపించదు. ఏటా ఆ వివరాలు నింపేటప్పుడు కమిటీ సభ్యులు ఒకరు పక్కన కూర్చోవాలి.

*ఏజెన్సీ గ్రామం.* ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి దగ్గర నుంచే మొదలుపెట్టండి. పాడేరు, రంపచోడవరం, సీతంపేట, భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం వంటి చోట్ల ఇంజనీరింగ్ సిబ్బంది ఐటీడీఏకే ఉంటారు. సామగ్రి కొండ ఎక్కించే ఖర్చు ఎస్టిమేటులో చేర్చమని పట్టుబట్టండి. అది చేర్చకపోతే కాంట్రాక్టరు పని మొదలే పెట్టడు. నెట్‌వర్క్ అందని చోట ఇంటర్నెట్ మీద ఆధారపడే పరికరం ఏదీ తీసుకోవద్దు.

*వేసవిలో మరమ్మతు చేయించాలనుకునేవారు.* పైకప్పు పని ఏప్రిల్ చివర బడి మూశాక మొదలై జూన్ వానలకు ముందు ముగియాలి. దానికి తీర్మానం నవంబరులో, ఎస్టిమేటు జనవరిలో, డబ్బు మార్చిలో సిద్ధం కావాలి. మే నెలలో అర్జీ పెడితే ఆ ఏడాది వానాకాలం కూడా పిల్లలు బకెట్ల మధ్య కూర్చోవలసిందే.

*విదేశాల్లో ఉన్న మన ఊరివారు.* భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకు రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపేది, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరుల) కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంస్థకు 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు ఉండాలి. 2020 సవరణ తర్వాత అలా అందుకున్న సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అంటే నమోదున్న సంస్థే స్వయంగా మీ ఊరి బడిలో పని చేయించాలి. డబ్బు పంపే ముందే ఆ సంస్థ మీ జిల్లాలో పనిచేస్తుందో లేదో, మూడేళ్ల నిర్వహణ ఒప్పుకుంటుందో లేదో రాతలో తీసుకోండి. పని పూర్తయ్యాక బిల్లులు, ఫొటోలతో పాటు ఏటా ఒకసారి ఆ గది, ఆ పరికరం ఎలా ఉన్నాయో తెలిపే ఒక పేజీ నివేదిక దాతకు పంపే బాధ్యతను కమిటీలో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.